జావా వెబ్ అప్లికేషన్‌లో అనోటేషన్ వ్యాలిడేషన్: ఏ లైబ్రరీని ఎంచుకోవాలి

బ్రౌజర్ నుంచి వచ్చే ప్రతి విలువనూ సర్వర్ వైపు మళ్లీ తనిఖీ చేయాలన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. ఆ తనిఖీని ప్రతి కంట్రోలర్‌లోనూ (రిక్వెస్ట్‌ను అందుకునే క్లాస్) ఇఫ్ వాక్యాలుగా రాసుకుంటూ పోవాలా, ఫీల్డ్ మీద @నాట్‌నల్, @సైజ్ వంటి అనోటేషన్ పెట్టి లైబ్రరీకి అప్పగించాలా, అప్పగిస్తే ఏ లైబ్రరీకి అప్పగించాలి అన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. సాధారణంగా ఈ పోలికల్లో ఏ లైబ్రరీలో ఎన్ని సిద్ధమైన నిబంధనలు ఉన్నాయో లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నదానికి మొగ్గు చూపుతారు. పదేళ్లకు పైగా దరఖాస్తు ఫారాలతోనే పనిచేస్తున్న నాకు ఆ లెక్క పెద్దగా ఉపయోగపడలేదు. నేను అడిగే ప్రశ్నలు రెండే: నిబంధన అమలు కాకుండా పోతే నాకు ఎలా తెలుస్తుంది, మన ఫారాలకు కావలసిన సొంత నిబంధనను చేర్చడం ఎంత సులభం.

మొదటి ప్రశ్న ఎందుకు ముఖ్యమో ముందే చెప్పాలి. అనోటేషన్ తనంతట తాను ఏ పనీ చేయదు. అది క్లాస్ ఫైల్‌లో నిలిచి ఉండే ఒక గుర్తు మాత్రమే. రిఫ్లెక్షన్ (నడుస్తున్న ప్రోగ్రాం తన క్లాసులను తానే పరిశీలించే సౌకర్యం) ద్వారా దాన్ని చదివి, తగిన తనిఖీ కోడ్‌ను నడిపే ఇంజన్ వేరే ఉండాలి. ఆ ఇంజన్‌ను ఎవరూ పిలవకపోయినా, పిలిచినా అది ఆ గుర్తును పోల్చుకోలేకపోయినా, ప్రోగ్రాం కంపైల్ అవుతుంది, నడుస్తుంది, తప్పుడు డేటా డేటాబేస్‌లోకి చేరుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. అంతెందుకు, నడిచే సమయంలో అనోటేషన్ క్లాసే దొరకకపోతే జావా దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఇఫ్ వాక్యానికి ఈ ప్రమాదం లేదు. అనోటేషన్ వల్ల వచ్చే శుభ్రతను కోరుకునేవారు ఈ నిశ్శబ్దానికి కూడా ఒక ఏర్పాటు చేసుకోవాలి.

ప్రమాణం, దాన్ని అమలు చేసేవి

జావాలో ఈ పనికి ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది. జేఎస్ఆర్ (జావా ప్రమాణాల ప్రతిపాదన) 303 పేరుతో 2009లో బీన్ వ్యాలిడేషన్ 1.0 వచ్చి, సర్వర్ అప్లికేషన్ల జావా వేదిక అయిన జావా ఈఈ 6లో భాగమైంది. 2013లో వచ్చిన 1.1 మెథడ్‌కు ఇచ్చే విలువలనూ, అది తిరిగి ఇచ్చే విలువనూ తనిఖీ చేసే వీలు కల్పించింది. 2017 నాటి 2.0లో జావా 8 తేదీల క్లాసులకు మద్దతుతో పాటు, లిస్ట్ లోపలి మూలకం మీదే నిబంధన పెట్టుకునే సౌకర్యం వచ్చింది. అంతకుముందు హైబర్నేట్ సొంత ప్యాకేజీలో ఉన్న @నాట్‌బ్లాంక్, @నాట్‌ఎంప్టీ, @ఈమెయిల్ ప్రమాణంలోకి చేరాయి. 2020లో 3.0 దాదాపు ఒకే ఒక్క మార్పు చేసింది: ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. ఆ ఒక్క మార్పు తెచ్చిన చిక్కు గురించి కింద వివరంగా రాస్తాను. 2024 నాటి 3.1 పేరును జకార్తా వ్యాలిడేషన్‌గా కుదించి, జావా రికార్డుల విషయంలో స్పష్టత ఇచ్చింది.

ఈ ప్రమాణాన్ని అమలు చేసే లైబ్రరీలలో హైబర్నేట్ వ్యాలిడేటర్ అందరికీ తెలిసినది. పేరు చూసి చాలామంది ఇది హైబర్నేట్ ఓఆర్ఎంతో (జావా వస్తువులను డేటాబేస్ పట్టికలకు కలిపే లైబ్రరీ) ముడిపడి ఉంటుందని అనుకుంటారు. అది నిజం కాదు, డేటాబేస్ అసలు లేని అప్లికేషన్‌లో కూడా దీన్ని వాడుకోవచ్చు. స్ప్రింగ్ బూట్, క్వార్కస్ అనే ఫ్రేమ్‌వర్కులు, వైల్డ్‌ఫ్లై అనే సర్వర్ వాడేది దీన్నే. రెండవది అపాచీ బీవాల్, అపాచీ టామ్‌ఈఈ అనే సర్వర్‌తో పాటు వస్తుంది. టామ్‌ఈఈ మీద ఉన్నవారు బీవాల్‌ను తీసేసి హైబర్నేట్ వ్యాలిడేటర్‌ను పెట్టాల్సిన అవసరం నాకు కనిపించదు. ప్రమాణంలో ఉన్న అనోటేషన్లను మాత్రమే వాడినంత కాలం రెండింటి మధ్య కోడ్ మార్చకుండా మారవచ్చు. @లెంగ్త్, @రేంజ్, @యూఆర్ఎల్ వంటి హైబర్నేట్ ప్రత్యేక అనోటేషన్లు వాడటం మొదలుపెట్టిన రోజున ఆ స్వేచ్ఛ పోతుంది. @లెంగ్త్ చేసే పనిని @సైజ్ చేస్తున్నప్పుడు ఆ స్వేచ్ఛను వదులుకోవడం అనవసరం. మైక్రోనాట్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవారు ఒక విషయం గమనించాలి: అందులో ఇవే అనోటేషన్లను రిఫ్లెక్షన్ లేకుండా, కంపైల్ సమయంలో సేకరించిన సమాచారంతో చదివే సొంత ఇంజన్ ఉంటుంది, అది ప్రమాణాన్ని పూర్తిగా అనుసరించదు.

ప్రమాణం బయట ఉన్నవి

ఓవాల్ అనోటేషన్ల మీదే నడిచే పాత, బలమైన లైబ్రరీ. దీని అసలు శక్తి షరతులతో కూడిన నిబంధనల్లో ఉంది. ప్రతి నిబంధనకూ ‘వెన్’ అనే అంశం ఉంటుంది; అందులో గ్రూవీ వంటి భాషలో ఒక చిన్న వ్యక్తీకరణ రాస్తే, అది నిజమైనప్పుడే నిబంధన వర్తిస్తుంది. దరఖాస్తుదారు వివాహితుడైతేనే జీవిత భాగస్వామి పేరు తప్పనిసరి అనే నియమాన్ని ఓవాల్‌లో ఫీల్డ్ మీదే ఒక్క వాక్యంలో రాయవచ్చు. ప్రమాణంలో దానికి క్లాస్ స్థాయి నిబంధన రాయాలి, లేదా గ్రూపులను (ఒక్కో సందర్భంలో కొన్ని నిబంధనలనే నడిపేలా వాటికి పెట్టే పేర్లు) ఆశ్రయించాలి. యాస్పెక్ట్‌జే (మెథడ్‌ల చుట్టూ అదనపు కోడ్‌ను చేర్చే సాధనం) సాయంతో మెథడ్‌కు ముందు షరతు, తర్వాత షరతు పెట్టే సౌకర్యం కూడా ఇందులో ఉంది. అయినా కొత్త వెబ్ అప్లికేషన్‌కు దీన్ని సూచించను. స్ప్రింగ్ కంట్రోలర్‌కో, జెర్సీ అనే వెబ్ సర్వీసుల లైబ్రరీలోని రిసోర్స్ క్లాస్‌కో దీన్ని కలిపే బాధ్యత మీదే అవుతుంది. పైగా స్ట్రింగ్‌గా రాసిన వ్యక్తీకరణలో ఫీల్డ్ పేరు తప్పుగా పడితే కంపైలర్ పట్టుకోదు.

స్క్రిప్టుల మీద ఆధారపడటంలోని ఇబ్బంది హైబర్నేట్ వ్యాలిడేటర్ @స్క్రిప్ట్‌అసర్ట్‌లోనూ ఉంది. జావాతో పాటు వచ్చే నాషోర్న్ అనే జావాస్క్రిప్ట్ ఇంజన్‌ను జావా 15లో తీసేశారు. జావాస్క్రిప్ట్‌తో ఆ అనోటేషన్ రాసుకున్నవారు వేరే ఇంజన్‌ను తెచ్చి పెట్టుకోవలసి వచ్చింది.

అపాచీ కామన్స్ వ్యాలిడేటర్ పాత వెబ్ ఫ్రేమ్‌వర్క్ స్ట్రట్స్ కాలం నాటిది. ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో నిబంధనలు రాసే దాని పద్ధతిని కొత్తగా ఎవరూ ఎంచుకోనవసరం లేదు. కానీ దానిలోని చిన్న తనిఖీ క్లాసులు, ముఖ్యంగా చెక్ డిజిట్ (సంఖ్యలో తప్పును పట్టుకోవడానికి చేర్చే అంకె) లెక్కలు, ఇప్పటికీ ఎంతో విలువైనవి. దాన్ని పోటీదారుగా కాకుండా, మీ సొంత అనోటేషన్ లోపల పనిచేసే సహాయకుడిగా చూడండి.

స్ప్రింగ్ సొంత వ్యాలిడేటర్ ఇంటర్‌ఫేస్‌లో అనోటేషన్లు ఉండవు. రెండు మెథడ్‌లు రాసి, తప్పులను ఎర్రర్స్ వస్తువులో చేరుస్తారు. అనేక ఫీల్డుల మీద, దరఖాస్తు ఏ దశలో ఉందన్నదాని మీద ఆధారపడే నియమాలకు ఇది చాలా హాయిగా ఉంటుంది. యావి అనే లైబ్రరీ కూడా అనోటేషన్లను పూర్తిగా వదిలి, లాంబ్డాలతో (పేరు లేని చిన్న ఫంక్షన్లు) నిబంధనలను టైపుల భద్రతతో రాయనిస్తుంది; రిఫ్లెక్షన్ ఉండదు. అనోటేషన్ల నిశ్శబ్దం నచ్చనివారికి ఇది నిజాయితీగల ప్రత్యామ్నాయం. అయితే జట్టులోకి కొత్తగా వచ్చినవారికి ప్రమాణం ముందే తెలిసి ఉంటుంది, యావిని నేర్పాలి.

వెర్షన్ల జత కుదరకపోతే

లైబ్రరీ ఏదన్నదాని కంటే వెర్షన్ ఏదన్నదే ఎక్కువ నష్టం చేస్తుంది. స్ప్రింగ్ బూట్ 2.7లో హైబర్నేట్ వ్యాలిడేటర్ 6.2, జావాఎక్స్ ప్యాకేజీ. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3లో హైబర్నేట్ వ్యాలిడేటర్ 8, జకార్తా ప్యాకేజీ. హైబర్నేట్ వ్యాలిడేటర్ 8కి కనీసం జావా 11 కావాలి, 9కి జావా 17 కావాలి. ఇవి కలగలిస్తే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను.

ఒక ప్రాజెక్టును బూట్ 2.7 నుంచి 3కి మారుస్తున్నాం. కంట్రోలర్లలో ఇంపోర్టులన్నీ జకార్తాకు మార్చాం, టెస్టులు పచ్చగా వచ్చాయి. మూడు రోజుల తర్వాత పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఏదీ లేని దరఖాస్తులు పట్టికలో కనిపించాయి. ఫారం వివరాలను మోసే క్లాసులు వేరే జట్టు తయారుచేసే ఉమ్మడి జార్‌లో (జావా క్లాసుల కట్ట) ఉండేవి. ఆ జార్ ఇంకా జావాఎక్స్ అనోటేషన్లతోనే ఉంది, తనతో పాటు పాత ఏపీఐ జార్‌ను కూడా తెచ్చింది. అందుకే కంపైల్ అయింది. కంట్రోలర్‌లో @వ్యాలిడ్ ఉంది కాబట్టి ఇంజన్ నడిచింది, క్లాస్‌ను చూసింది, తనకు తెలిసిన జకార్తా గుర్తు ఒక్కటీ కనిపించలేదు, ఉల్లంఘనలు లేవని చెప్పింది. ఎవరి కోడ్‌లోనూ తప్పు లేదు, అయినా వ్యాలిడేషన్ లేదు. అప్పటి నుంచి పాత జావాఎక్స్ వ్యాలిడేషన్ జార్ డిపెండెన్సీ చెట్టులో ఎక్కడ కనిపించినా బిల్డ్ ఆగిపోయేలా పెట్టుకున్నాం. బిల్డ్ సాధనమైన మేవెన్‌కు ఉన్న ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో నిషేధిత డిపెండెన్సీల నియమం దీనికి సరిపోతుంది.

ఇంకో చిన్న ఉచ్చు కూడా ఉంది. స్ప్రింగ్ బూట్ 2.3 నుంచి వెబ్ స్టార్టర్‌తో (ఒక పనికి కావలసిన లైబ్రరీలన్నీ తెచ్చే డిపెండెన్సీ) వ్యాలిడేషన్ రాదు. వ్యాలిడేషన్ స్టార్టర్‌ను విడిగా చేర్చాలి. స్ప్రింగ్ గానీ, టామ్‌క్యాట్ వంటి సర్వర్ గానీ లేకుండా మామూలు జావా ప్రోగ్రాంగా నడిపేవారు హైబర్నేట్ వ్యాలిడేటర్‌తో పాటు ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ (సందేశాల్లోని వ్యక్తీకరణలను లెక్కించే చిన్న భాష) అమలు ఒకటి క్లాస్‌పాత్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే వ్యాలిడేటర్‌ను ఇచ్చే ఫ్యాక్టరీ తయారయ్యే చోటే ఆగిపోతుంది. ఆ ఫ్యాక్టరీని అప్లికేషన్ మొదలైనప్పుడు ఒక్కసారే తయారుచేసి ఉంచుకోండి; దాన్నీ, దాని నుంచి వచ్చే వ్యాలిడేటర్‌నూ ఎన్ని థ్రెడ్‌లైనా ఒకేసారి వాడుకోవచ్చు. ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త ఫ్యాక్టరీ కట్టడం అనవసరమైన భారం.

మన ఫారాలకు కావలసిన నిబంధనలు

హైబర్నేట్ వ్యాలిడేటర్‌లో బ్రెజిల్ పన్ను సంఖ్యలకు, పోలండ్ గుర్తింపు సంఖ్యలకు సిద్ధమైన అనోటేషన్లు ఉన్నాయి. పాన్, ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్), జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు సంఖ్య), ఆధార్ సంఖ్యలకు మాత్రం మనమే రాసుకోవాలి. అందుకే సొంత నిబంధన రాయడం ఎంత సులభం అన్నది నా రెండవ ప్రశ్న అయింది, ఈ ప్రశ్నకు ప్రమాణం ఇచ్చే సమాధానం మిగతావాటి కంటే నాకు బాగా నచ్చింది.

ఐఎఫ్ఎస్‌సీకి 11 స్థానాలు: మొదట 4 అక్షరాలు, ఐదవ స్థానంలో సున్నా, తర్వాత 6 అక్షరాలో అంకెలో. దీనికి తనిఖీ క్లాస్ రాయనవసరమే లేదు. @ఐఎఫ్ఎస్‌సీ అనే అనోటేషన్ తయారుచేసి, దాని మీద @ప్యాటర్న్ పెట్టి, @రిపోర్ట్‌యాజ్‌సింగిల్‌వయొలేషన్ (లోపలి తప్పులన్నిటినీ ఒకే తప్పుగా చూపేది) చేరిస్తే, ఉన్న నిబంధనల నుంచే కొత్త నిబంధన పుడుతుంది. ఆధార్ సంఖ్యకు అది సరిపోదు. దానిలోని 12వ అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కించిన చెక్ డిజిట్. అందుకని ఒక కన్‌స్ట్రెయింట్‌వ్యాలిడేటర్ క్లాస్ రాసి, అందులో కామన్స్ వ్యాలిడేటర్‌లోని వెర్‌హాఫ్ చెక్ డిజిట్ క్లాస్‌ను పిలవాలి. పది పంక్తుల పని. ఆ లెక్క సరిపోయిందంటే టైపింగ్‌లో అంకె తప్పు పడలేదని అర్థం, అంతవరకే. ఆ సంఖ్య నిజంగా ఎవరికైనా ఉందో లేదో అది చెప్పదు.

జీఎస్టీఐఎన్ ఇంకా ఆసక్తికరమైనది. 15 స్థానాల్లో మొదటి రెండు రాష్ట్ర కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మూడు నుంచి పన్నెండు వరకు ఆ వ్యాపారి పాన్. చివరిది చెక్ అక్షరం. ఒకే ఫారంలో రాష్ట్రం, పాన్, జీఎస్టీఐఎన్ మూడూ అడిగితే అవి ఒకదానితో ఒకటి పొసగాలి. ఇది ఏ ఒక్క ఫీల్డ్ మీదా పెట్టగల నిబంధన కాదు, క్లాస్ మీద పెట్టాలి. అప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఉల్లంఘన క్లాస్‌కు చెందినదిగా నమోదైతే ఫారంలో ఏ గడి పక్కనా ఎర్రర్ కనిపించదు, కాబట్టి తనిఖీ లోపలే దాన్ని జీఎస్టీఐఎన్ ఫీల్డ్‌కు తగిలించాలి. ఆ సందేశాన్ని కట్టేటప్పుడు వాడుకరి టైప్ చేసిన విలువను సందేశపు మూసలో నేరుగా కలపకూడదు. పాత వెర్షన్లలో ఆ మూసలోని వ్యక్తీకరణలను ఇంజన్ అమలు చేసేది; బయటివారు తమ కోడ్‌ను మీ సర్వర్ మీద నడిపే దారి అదే. 6.2 నుంచి సొంత ఉల్లంఘనలకు ఆ అమలును మామూలుగా ఆపి ఉంచారు, అయినా అలవాటుగా జాగ్రత్త పడటం మంచిది.

తెలుగు పేర్లు తీసుకునే ఫారాల గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు వల్ల మనవాళ్లు తమ పేరును తమ లిపిలో రాసుకోలేకపోతున్నారు. @సైజ్ లెక్కించేది మనం అనుకునే అక్షరాలను కాదు, జావా స్ట్రింగ్ పొడవును. ‘లక్ష్మి’ అన్న పేరు చూసేవారికి రెండు అక్షరాలు. జావాకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి 7. అదే పేరు యూటీఎఫ్-8లో 21 బైట్లు. ఫీల్డ్ మీద గరిష్ఠం 20 అని పెట్టి, ఒరాకిల్‌లో కాలమ్‌ను కూడా 20గా నిర్వచిస్తే, ఒరాకిల్ మామూలుగా బైట్లలో కొలుస్తుంది కనుక, అనోటేషన్ ఒప్పుకున్న లక్ష్మిని డేటాబేస్ తిరస్కరిస్తుంది. కాలమ్‌ను క్యారెక్టర్లలో నిర్వచించాలి. ఇంటిపేరుకు కనీసం 2 అని పెట్టడం కూడా తప్పే: ‘కె’ అని పొడి అక్షరం రాసేవారిది తెలుగు లిపిలో పొడవు 2 కనుక గట్టెక్కుతుంది, రోమన్ లిపిలో రాస్తే 1 కనుక ఆగిపోతుంది.

@ప్యాటర్న్‌లో ఏ నుంచి జెడ్ వరకు అని రాస్తే తెలుగు పేరు చేరదని అందరికీ తెలుసు. యూనికోడ్ అక్షరాల వర్గం ‘ఎల్’ వాడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాల వర్గంలో ఉండవు, గుర్తుల వర్గమైన ‘ఎం’లో ఉంటాయి. రెండు వర్గాలనూ అనుమతించిన తర్వాత కూడా ‘రాజ్‌కుమార్’ ఆగిపోవచ్చు, ఎందుకంటే జ్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, అది ఈ రెండింటిలోనూ లేదు. దాన్ని కూడా అనుమతించండి. ఈ మూడింటినీ కలిపి @తెలుగుపేరు అని ఒకే చోట రాసి, అన్ని ఫారాల్లో దాన్నే వాడితే, సరిదిద్దవలసి వచ్చినప్పుడు ఒక్క చోటే సరిదిద్దుకోవచ్చు. అనోటేషన్ పద్ధతి నిజంగా విలువైనదని నాకు అనిపించేది ఇలాంటి చోటే.

సందేశాలు కూడా తెలుగులో ఇవ్వవచ్చు. వ్యాలిడేషన్‌మెసేజెస్ ప్రాపర్టీస్ ఫైల్‌కు తెలుగు భాషా కోడ్‌తో జోడీ ఫైల్ రాస్తే చాలు. జావా 9 నుంచి ఆ ఫైల్‌ను యూటీఎఫ్-8గా చదువుతారు కాబట్టి తెలుగును నేరుగా టైప్ చేయవచ్చు. స్ప్రింగ్‌లో రిక్వెస్ట్‌తో వచ్చిన భాషను బట్టి సందేశం వస్తుంది. స్ప్రింగ్ లేని చోట హైబర్నేట్ వ్యాలిడేటర్ మామూలుగా సర్వర్ భాషనే అందరికీ వాడుతుంది, దాన్ని మీరే మార్చాలి.

ఏ నియమం ఎక్కడ

దాదాపు అన్ని నిబంధనలూ నల్ విలువను సరైనదిగానే పరిగణిస్తాయి. @ఈమెయిల్ ఒక్కటే పెడితే ఈమెయిల్ అసలు ఇవ్వని దరఖాస్తు గడప దాటుతుంది. తప్పనిసరి అయితే @నాట్‌బ్లాంక్ కూడా కావాలి. లోపలి వస్తువు మీద, లిస్ట్ మూలకం మీద @వ్యాలిడ్ లేకపోతే ఇంజన్ లోపలికి వెళ్లదు: దరఖాస్తు తనిఖీ అవుతుంది, అందులోని చిరునామా కాదు. ఇంట్ వంటి ప్రాథమిక రకం మీద @నాట్‌నల్ పెట్టడం వృథా, ఆ ఫీల్డ్ రాకపోతే అక్కడ సున్నా కూర్చుంటుంది.

ఈ ఈమెయిల్ ఇప్పటికే నమోదైందా అన్న తనిఖీని అనోటేషన్‌లో పెట్టవద్దు. స్ప్రింగ్ మీ తనిఖీ క్లాస్‌లోకి రిపాజిటరీని అందిస్తుంది కాబట్టి పెట్టగలరు. కానీ తనిఖీకీ, సేవ్‌కూ మధ్య ఇంకో రిక్వెస్ట్ దూరితే రెండూ నమోదవుతాయి. దానికి డేటాబేస్ యూనిక్ నిబంధనే దిక్కు. పైగా జేపీఏ ఎంటిటీ (డేటాబేస్ పట్టికకు జతపడే క్లాస్) మీద పెట్టిన నిబంధనలు సేవ్, అప్‌డేట్ సమయాల్లో మళ్లీ నడుస్తాయి. పాత రికార్డుల్లో కొత్త నిబంధనకు సరిపోని విలువలు ఉంటే, సంబంధం లేని చిన్న మార్పు చేసినా ఆ రికార్డు సేవ్ కాదు. అందుకే ఫారం క్లాసుల మీద పూర్తి నిబంధనలు, ఎంటిటీల మీద ఎప్పటికీ మారనివి మాత్రమే ఉంచడం నా పద్ధతి.

ఇక ఎంపిక. కొత్త స్ప్రింగ్ లేదా క్వార్కస్ అప్లికేషన్‌కు హైబర్నేట్ వ్యాలిడేటర్‌ను, వీలైనంతవరకు ప్రమాణపు అనోటేషన్లతోనే తీసుకోండి. టామ్‌ఈఈ మీద బీవాల్‌తోనే ఉండండి. ఇప్పటికే ఓవాల్‌తో స్థిరంగా నడుస్తున్న అప్లికేషన్ ఉంటే మార్చడానికి తొందరపడవద్దు. కొత్త ఫారాలను ప్రమాణంలో రాస్తూ, పాతవాటిని ముట్టుకున్నప్పుడు మార్చండి. దరఖాస్తు దశలను బట్టి నియమాలు మారే చోట గ్రూపులతో పెనుగులాడే బదులు స్ప్రింగ్ వ్యాలిడేటర్ క్లాస్ ఒకటి విడిగా రాయండి, చదివేవారికి తేలికగా అర్థమవుతుంది.

ఏది ఎంచుకున్నా, మొదటి రోజే రెండు టెస్టులు రాయండి. ప్రతి ఫారానికీ ఖాళీ రిక్వెస్ట్ పంపి, 400 జవాబు (రిక్వెస్ట్ తప్పు అనే హెచ్‌టీటీపీ కోడ్) వచ్చిందో లేదో చూసేది ఒకటి. ప్రతి ఫారం క్లాస్‌ను వ్యాలిడేటర్ మెటాడేటాకు చూపించి, దాని మీద నిబంధనలు నిజంగా కనిపిస్తున్నాయా అని ఈజ్‌బీన్‌కన్‌స్ట్రెయిండ్ మెథడ్‌తో అడిగేది రెండవది. మా ఉమ్మడి జార్ విషయంలో ఈ రెండవ టెస్ట్ ఉండి ఉంటే మొదటి బిల్డ్‌లోనే ఎర్రగా వచ్చేది.